అల్లుడా? అతిథా? – మెకాంగ్ తీరపట్టణ కథనాల్లో విదేశీ నివాసి: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతంలో, మెకాంగ్ నది ఒడ్డున ఉన్న నాంగ్‌ఖాయ్ వంటి చిన్న పట్టణాల్లో పాశ్చాత్యదేశాల నుంచి వచ్చిన విశ్రాంత ఉద్యోగులు గణనీయంగా కనిపిస్తారు. వారిని ‘ఎక్స్‌పాట్’లు అనడం లోకంలో స్థిరపడింది. అదే నదిని దాటి అదే పట్టణానికి వచ్చిన లావో కూలీని గానీ, వియత్నాం శరణార్థిని గానీ ఎవరూ ఆ పేరుతో పిలవరు. ఈ భేదానికి మూలం ఎక్కడుంది, సాహిత్యం, సినిమా దానిని ఎలా చూపాయి అన్నది ఈ వ్యాసంలోని ప్రధానప్రశ్న. అపిచాత్‌పోంగ్ వీరసేథకుల్ చిత్రాలు, రత్తవుత్ లాప్‌చరోయెన్‌సాప్ కథలు, పచ్చరిన్ లాపానున్ పరిశోధన ఆధారంగా విదేశీ నివాసిని ‘ఇల్లరికపుటల్లుడు’ అన్న భావన ద్వారా అర్థం చేసుకోవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నాంగ్‌ఖాయ్, మెకాంగ్, ఈసాన్, ఫరంగ్, ఇల్లరికం, ప్రవాసం, వలస.

1. ఉపోద్ఘాతం:

నాంగ్‌ఖాయ్ మెకాంగ్ నదికి దక్షిణపు ఒడ్డున ఉన్న పట్టణం. అవతలి ఒడ్డు లావోస్. 1893లో ఫ్రాన్స్, సయాం దేశాల మధ్య జరిగిన ఒప్పందం నదిని సరిహద్దుగా మార్చేంతవరకు ఈ రెండు ఒడ్డులనూ వేరుచేసిన రాజ్యరేఖ ఏదీ నీటిమీద లేదు. నేటికీ రెండువైపులా ప్రజలు మాట్లాడేది దాదాపు ఒకే భాష. అవతల దాన్ని లావో అంటారు, ఇవతల ఈసాన్ అంటారు. 1994 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా ఆర్థికసహాయంతో నిర్మితమైన మైత్రీవంతెన ప్రారంభమైంది. అప్పటి నుంచి వియంటియాన్‌కు వెళ్లే ప్రయాణికులు, వర్తకులు, వీసా కోసం సరిహద్దు దాటి తిరిగివచ్చే విదేశీయులు ఈ పట్టణం మీదుగా సాగుతున్నారు.

ఇటువంటి పట్టణంలో స్థిరపడిన పాశ్చాత్యుని జీవితం ఒక చిన్న సాహిత్యశాఖకే వస్తువైంది. స్వీయకథలు, యాత్రాగ్రంథాలు, నవలలు ఇంగ్లీషులో వెలువడుతున్నాయి. మరోవైపు థాయ్ రచయితలు, దర్శకులు అదే వ్యక్తిని తమ వైపు నుంచి చూశారు. ఈ రెండు చూపులనూ పక్కపక్కన పెట్టి చదవడం ఇక్కడి పద్ధతి. తెలుగులో ప్రవాససాహిత్యంపై విస్తృతంగా పరిశోధన జరుగుతున్న సందర్భంలో, తెలుగువారితో నేరుగా సంబంధం లేని ఈ ఉదాహరణ మన విమర్శపరిభాషను పరీక్షించుకోవడానికి ఉపకరిస్తుంది.

2. పేర్లు – అంతరాలు:

థాయ్ భాషలో తెల్లజాతి విదేశీయుని ‘ఫరంగ్’ అంటారు. ఫ్రాంక్ జాతి పేరు నుంచి పుట్టి, అరబ్బీ, పారసీక భాషల మీదుగా తూర్పుకు ప్రయాణించిన పదకుటుంబానికి చెందినది ఈ మాట. తెలుగువారికి ఇది అపరిచితం కాదు. ఆ పదమే మన భాషలో ఒకవైపు ‘పరంగి’గా ఐరోపావాసిని సూచించింది, మరోవైపు ‘ఫిరంగి’గా ఆయుధానికి పేరైంది. థాయ్ భాషలో ‘ఫరంగ్’ అంటే జామపండు కూడా. పైనుంచి వచ్చినవాడిని ఒక భాష తుపాకిమందుతోను, మరొక భాష తోటలోని పండుతోను జతపరచింది. దీని నుంచి జాతిస్వభావాల గురించి తీర్మానాలు చేయడం తొందరపాటే అవుతుంది గానీ, అనుభవాలు వేరైతే ఒకే పదం ఎంత దూరం జరుగుతుందో మాత్రం ఇక్కడ తెలుస్తుంది.

భారతీయునికి థాయ్ భాషలో వాడే పదం వేరు. అతడు ‘ఖేక్’. ఈ మాటకు అతిథి అని అర్థం. మలయ్ ముస్లింలకు, పశ్చిమాసియావారికి కూడా ఇదే పేరు వర్తిస్తుంది. పదార్థం గౌరవప్రదమైనా వాడుకలో దానికి చిన్నచూపు తోడయ్యే సందర్భాలున్నాయి. కనుక నాంగ్‌ఖాయ్‌లో ఇల్లు తీసుకుని నివసించే తెలుగు ఆచార్యుడు ఒకడుంటే, అతని పింఛను ఎంతైనా, స్థానికుల నోట అతడు ‘ఫరంగ్’ కాడు. ‘ఎక్స్‌పాట్’ అన్న ఆంగ్లపదమూ అతని విషయంలో సులువుగా నోటికి రాదు. స్వదేశం వెలుపల నివసించేవాడు అన్నది ఆ పదానికి నిఘంటువులోని అర్థం. వాడుకలో మాత్రం రంగు, ఆదాయం, పాస్‌పోర్టు దాని పరిధిని ముందే కుదించాయి. పదం తటస్థమైనదన్న భావనతో మొదలయ్యే విమర్శ ఈ అంతరాన్ని చూడలేదు.

3. ఒడ్డున కూర్చున్న కథకుడు:

విదేశీ నివాసులు రాసుకునే కథనాలకు ఒక స్థిరమైన రూపం ఏర్పడింది. ఉదయపు వెలుగులో నది, చేపల పడవలు, అవతల లావోస్ కొండలు లేదా చదునైన చెట్లవరుస ఆరంభదృశ్యం. తరువాత స్వదేశపు ఖర్చులతో ఇక్కడి ఖర్చుల పోలిక, వలసవిభాగం కార్యాలయంలో పడ్డ అవస్థ, భార్య తరఫు బంధువుల సందడి, సాయంత్రం తోటి విదేశీయులతో కాలక్షేపం. చివరకు నది మళ్లీ వస్తుంది. ఈసారి అది ప్రశాంతతకు సంకేతం.

సామర్సెట్ మామ్ 1930లో ప్రచురించిన ‘ద జెంటిల్‌మన్ ఇన్ ద పార్లర్’ బర్మా నుంచి సయాం మీదుగా ఇండోచైనా వరకు సాగిన ప్రయాణం. అక్కడి కథకుడు బాటసారి. చూసి, దాటిపోతాడు. దాటిపోయేవాడికి ఊరిని దృశ్యంగా చూసే హక్కు కొంత ఉంటుంది. ఊళ్లో ఉండిపోయినవాడు బాటసారి కళ్లతోనే ఊరిని చూస్తూ పోవడం నేటి నివాసికథనంలోని ప్రధానలోపం. పదేళ్లు గడిచినా కథకునికి పొరుగువాడి పేరు, వృత్తి, అప్పు తెలియవు. భార్య తమ్ముడు ఎందుకు తైవాన్‌కో, దక్షిణకొరియాకో పనికి వెళ్లాడో అతడు ప్రశ్నించడు. నది ఏడాది పొడవునా ఒకే తీరుగా ప్రవహిస్తున్నట్టు కనిపిస్తుంది. ఎగువన ఉన్న ఆనకట్టల వల్ల నీటిమట్టం ఋతువుతో సంబంధం లేకుండా మారుతున్నదని, చేపలవేట మీద బతికే కుటుంబాలకు అది తిండి ప్రశ్న అని ఈ కథనాలు అరుదుగా గుర్తిస్తాయి.

ఈ కథనాల్లో విలువైన అంశం లేదనడం న్యాయం కాదు. కార్యాలయాల్లో వేచివుండడం, భాష రాని మనిషి సంతలో పడే ఇబ్బంది, పండుగరోజు తనకు అర్థంకాని క్రతువులో చేతులు జోడించి నిలబడడం వంటి చోట్ల అవి నిజాయితీగా ఉంటాయి. కథకుడు తన అధికారాన్ని కోల్పోయిన చోటనే రచన బలపడటం గమనించదగిన విషయం.

4. ఏడాదికొక గడువు:

ఈ అధికారలోపం చట్టంలోనే ఉంది. యాభై ఏళ్లు దాటిన విదేశీయుడు విశ్రాంతజీవితం కోసం థాయ్‌లాండ్‌లో ఉండాలంటే బ్యాంకులో 8,00,000 బాత్‌ల నిల్వ గానీ, నెలకు 65,000 బాత్‌ల ఆదాయం గానీ చూపడం ప్రసిద్ధమైన నిబంధన. థాయ్ స్త్రీని వివాహమాడిన వ్యక్తికి ఈ మొత్తాలు 4,00,000, 40,000 బాత్‌లు. ఏ మార్గంలో వచ్చినా అనుమతి ఏడాదికొకసారి పొడిగించుకోవాలి. తొంభై రోజులకొకసారి తన చిరునామాను అధికారులకు తెలియజేయాలి. విశ్రాంతజీవిగా అనుమతి పొందినవాడు ఉద్యోగం చేయరాదు.

భూమి విషయంలో నిబంధన మరింత కఠినం. సాధారణంగా విదేశీయుడు థాయ్ నేలను తన పేర కొనలేడు. భార్య కొనుక్కోవచ్చు. అప్పుడు ఆ సొమ్ము భార్య సొంతమని, దానిపై తనకు హక్కు లేదని భర్త సంతకం చేయవలసివుంటుంది. అతని జీవితకాలపు పొదుపుతో కట్టిన ఇల్లు నిలిచిన నేల అతనిది కాదు. ముప్పై ఏళ్లకు మించని కౌలు వంటి ఏర్పాట్లు ఉన్నా అవి యాజమాన్యం కావు.

నివాసికథనాల్లో ఈ వివరాలు ఫిర్యాదులుగానో హాస్యంగానో వస్తాయి. కథానిర్మాణంలో వాటి స్థానం అంతకంటె లోతైనది. ఇల్లు నాది అని రాసే కథకుడు ఏడాదికొకసారి ఆ వాక్యాన్ని నిరూపించుకోవాలి. ‘స్వర్గసీమ’ అన్న మాట పదేపదే రావడానికి ఈ అస్థిరతే కారణమని చెప్పవచ్చు. స్థిరత్వం లేనివాడు స్థలాన్ని కాలానికి అతీతంగా వర్ణించుకుంటాడు. ప్రశాంతమైన నది దృశ్యం ఆ అవసరం నుంచి పుట్టింది.

5. ఇల్లరికపుటల్లుడు:

థాయ్ భాషలో, ఈసాన్‌లో అల్లుణ్ని ‘ఖోయ్’ అంటారు. విదేశీయుడైన అల్లుడు ‘ఖోయ్ ఫరంగ్’. ఈసాన్ గ్రామాల్లో వివాహానంతరం వరుడు వధువు ఇంటికి రావడం, చిన్నకూతురు తల్లిదండ్రులను చూసుకుంటూ ఆ ఇంటికి వారసురాలు కావడం సంప్రదాయం. అంటే ఫరంగ్ అడుగుపెట్టిన వ్యవస్థలో అల్లునికి ముందే ఒక స్థానం నిర్ణయమై ఉంది. అతడు అక్కడ కొత్త పాత్రను సృష్టించలేదు. ఉన్న పాత్రలో ప్రవేశించాడు.

తెలుగు పాఠకునికి ఇది వెంటనే బోధపడుతుంది. మనకు ఇల్లరికం తెలుసు. ఇల్లరికపుటల్లునికి తిండికి లోటుండదు, మాటకు మాత్రం లోటుంటుంది. పూర్వపు మద్రాసు రాష్ట్రంలోని రెడ్డి, కమ్మ కుటుంబాల్లో ఉండిన ‘ఇల్లటం’ ఆచారాన్ని న్యాయస్థానాలు కూడా గుర్తించాయి. మగసంతానం లేని మామ తన ఆస్తి చూసుకోవడానికి అల్లుణ్ని ఇంట ఉంచుకుంటే, అతనికి కుమారునితో సమానమైన వాటా దక్కేది. ఇల్లటపుటల్లుడు శ్రమను తెచ్చి భూమిని పొందాడు. ఖోయ్ ఫరంగ్ డబ్బును తెచ్చి భూమిహక్కును వదులుకుంటున్నాడు. రెండు ఏర్పాట్లకూ పోలిక ఉన్నంతగా తేడా కూడా ఉంది. ఆ తేడాలోనే అంతర్జాతీయ అసమానత కనబడుతుంది. ద్రవ్యబలం ఉన్నవాడికి చట్టబలం లేదు. చట్టబలం ఉన్న స్త్రీకి, ఆమె కుటుంబానికి అతని ద్రవ్యం అవసరం.

పచ్చరిన్ లాపానున్ 2019లో వెలువరించిన ‘లవ్, మనీ అండ్ ఆబ్లిగేషన్’ గ్రంథం ఈశాన్య థాయ్ గ్రామంలోని ఇటువంటి వివాహాలను పరిశీలించింది. ప్రేమ, ధనం, బాధ్యత అన్న మూడు పదాలను శీర్షికలోనే పక్కపక్కన నిలపడం ఆ గ్రంథదృష్టిని సూచిస్తుంది. ఫరంగ్‌ను పెళ్లాడిన స్త్రీలు, అంటే ‘మియా ఫరంగ్’లు, గ్రామంలో ఒక కొత్త సామాజికవర్గంగా రూపొందిన తీరును ఆమె వివరించారు. కూతురిగా తల్లిదండ్రుల పట్ల నెరవేర్చవలసిన ఋణం వీరి నిర్ణయాల్లో ప్రధానమైనది. విదేశీ కథకునికి ‘బంధువుల ఆశ’గా కనిపించినది, ఆ స్త్రీకి కుమార్తెధర్మం. ఒకే సంఘటనను రెండు నీతివ్యవస్థలు రెండు పేర్లతో పిలుస్తున్నాయి.

అపిచాత్‌పోంగ్ వీరసేథకుల్ 2015 నాటి చిత్రం ‘సెమెటరీ ఆఫ్ స్ప్లెండర్’ ఈ అల్లుణ్ని ఎంతో పొదుపుగా చూపింది. కథాస్థలం నదీతీరం కాదు, ఈసాన్‌లోనే ఉన్న ఖోన్ కేన్ నగరం. థాయ్ భాషలో చిత్రం పేరుకు ‘ఖోన్ కేన్‌లో ప్రేమ’ అని అర్థం. జెన్ పాత్ర ధరించిన జెన్‌జిరా పోంగ్‌పాస్ విడ్నర్ మాత్రం నాంగ్‌ఖాయ్‌కు చెందిన నటి. ఒక కాలు పొట్టిగా ఉండి ఊతకర్రలతో నడిచే జెన్, అంతుచిక్కని నిద్రావ్యాధి సోకిన సైనికులకు సేవ చేస్తుంటుంది. ఆమె భర్త రిచర్డ్ అమెరికన్. దంపతులిద్దరూ దేవతల మందిరానికి వెళ్లి జంతుబొమ్మలు సమర్పిస్తారు. ఆ దేవతలే తరువాత సాధారణ యువతుల రూపంలో వచ్చి జెన్‌తో కూర్చుని మాట్లాడతారు. ఆసుపత్రి నేల కింద పూర్వరాజుల శ్మశానం ఉందని, నిద్రిస్తున్న సైనికుల శక్తిని ఆ రాజులు తమ యుద్ధాలకు వాడుకుంటున్నారని చెబుతారు.

రిచర్డ్ పాత్ర కొద్ది దృశ్యాలకే పరిమితం. అతని రాకను చిత్రం సమస్యగా గానీ, సాహసంగా గానీ చూపదు. అతడు ఆ ఇంటి మనిషి, అంతే. దేవతలు వచ్చి పలకరించేది జెన్‌ను. నేల లోతున ఏముందో తెలిసేది ఆమెకు. మొక్కు చెల్లించడంలో భర్తకు భాగముంది, రహస్యంలో భాగం లేదు. ఇల్లరికపుటల్లుని స్థితిని దీనికంటె స్పష్టంగా చెప్పడం కష్టం. నివాసికథనాల్లో కేంద్రంలో ఉండే వ్యక్తిని ఈ చిత్రం పక్కకు జరిపింది. అలా జరపడం వల్ల అతడు వెక్కిరింతకు గురికాలేదు. తన కొలతకు తగిన మానవుడయ్యాడు.

6. నదిని దాటిన ఇతరులు:

ఫరంగ్ ఈ తీరానికి వచ్చిన మొదటి పరాయివాడు కాడు. 1946లో ఫ్రెంచి సేనలు లావోస్‌లోని థాఖేక్‌ను తిరిగి ఆక్రమించినప్పుడు వేలాది వియత్నామీయులు మెకాంగ్ దాటి థాయ్ తీరపట్టణాలకు చేరారు. దశాబ్దాలపాటు వారు పూర్తి పౌరసత్వం లేకుండా, కదలికలపై ఆంక్షలతో బతికారు. వారు తెచ్చిన ‘నేమ్ నువాంగ్’ అనే వంటకం, అంటే బియ్యపు రేకుల్లో ఆకుకూరలతో చుట్టి తినే కాల్చిన పందిమాంసం, నేడు నాంగ్‌ఖాయ్ పేరు చెప్పగానే గుర్తుకొచ్చే ఆహారం. 1975లో లావోస్‌లో ప్రభుత్వం మారాక మరో శరణార్థి ప్రవాహం ఈ ఒడ్డుకు చేరింది. వియంటియాన్ దగ్గర శిల్పోద్యానాన్ని నిర్మించిన బున్లుయా సులిలత్ అప్పుడే నది దాటివచ్చి, 1978 నుంచి నాంగ్‌ఖాయ్ శివారులో శాలా కేవ్ కూ ఉద్యానాన్ని కట్టాడు. బౌద్ధ, హిందూ మూర్తులు కలగలిసిన ఆ భారీ కాంక్రీటు శిల్పాలు ఒక దేశాంతరి కట్టుకున్న రెండో ఇల్లు. 1996లో మరణించిన ఆ శిల్పిని ఎవరూ ‘ఎక్స్‌పాట్ కళాకారుడు’ అనలేదు.

అపిచాత్‌పోంగ్ నాంగ్‌ఖాయ్‌లోని ఒక నదీతీర హోటలులో చిత్రీకరించిన 2012 నాటి చిత్రం ‘మెకాంగ్ హోటల్’ ఈ ప్రవాహాలను స్మృతిగా నిలిపింది. తల్లి, కూతురు, ప్రియుడు అన్న మూడు పాత్రల కథ, దానిని అభినయిస్తున్న నటుల సంభాషణ అందులో విడదీయరాకుండా అల్లుకున్నాయి. తల్లి ‘పోబ్’ అనే మాంసభక్షక భూతం. ఆ పాత్రధారిణి జెన్‌జిరాయే. లావో శరణార్థుల రోజులు, తన యౌవనంలో జరిగిన ఆయుధశిక్షణ ఆమె మాటల్లో వస్తాయి. హోటలు వరండా నుంచి నది నిరంతరం కనిపిస్తుంది. నివాసికథకుడు కూర్చునే కుర్చీ కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది. అదే చోటు నుంచి అతనికి ప్రశాంతత కనిపించింది, ఈ చిత్రానికి తీరని ఆకలి కనిపించింది. చివరి సుదీర్ఘదృశ్యంలో చిన్న జలవాహనాలు నీటిమీద గీతలు గీస్తూ తిరుగుతాయి. ఏ గీతా నిలవదు.

‘అంకుల్ బూన్‌మీ’ చిత్రంలో మూత్రపిండాల వ్యాధితో ఉన్న రైతుకు సేవచేసే జాయ్ అనే లావో యువకుడున్నాడు. సరిహద్దు దాటివచ్చిన ఆ కూలి, రోగికి అత్యంత సన్నిహితుడు. అయినా బూన్‌మీ మరదలు పాత్రలోని జెన్‌కు మొదట అతనిపై అనుమానమే. భాష, రూపం, ఆహారం అన్నీ తనవైన మనిషి పరాయివాడయ్యాడు. వాటిలో ఒక్కటీ పంచుకోని రిచర్డ్ ఇంటివాడయ్యాడు. ఒకే దర్శకుని రెండు చిత్రాల్లోని ఈ రెండు పాత్రలను కలిపి చదివితే ఎవరిని ఏ పేరుతో పిలవాలో నిర్ణయించేది సాంస్కృతిక సామీప్యం కాదని తేటపడుతుంది.

ఈసాన్ నుంచి బయటికి పోయినవారిని కూడా ఇక్కడ తలచుకోవాలి. పిరా సుధామ్ 1988 నాటి ఆంగ్లనవల ‘మాన్‌సూన్ కంట్రీ’లో ఈసాన్ పల్లెకు చెందిన ప్రేమ్ బ్యాంకాక్ మీదుగా ఐరోపా చేరతాడు. 1970, 80 దశకాల్లో వేలాది ఈసాన్ పురుషులు సౌదీ అరేబియాకు కూలిపనికి వెళ్లారు. అదే కాలంలో కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు సాగిన వలసను తెలిసిన పాఠకునికి ఈ సంగతి వివరించనక్కరలేదు. కొడుకు ఎడారికి, కూతురి భర్త ఐరోపా నుంచి – ఒకే ఇంటి ఆర్థికగాథలో ఇవి రెండు అధ్యాయాలు.

7. వృద్ధాప్యం అనే ప్రతివాదం:

విదేశీ నివాసిని కేవలం అసమానతకు ప్రతీకగా చదవడం కూడా అసంపూర్ణమే. రత్తవుత్ లాప్‌చరోయెన్‌సాప్ 2005లో ప్రచురించిన ‘సైట్‌సీయింగ్’ సంపుటిలో ఇందుకు రెండు కథలు సాక్ష్యం. ‘ఫరంగ్స్’ కథ ఒక దక్షిణద్వీపంలో విడిదిగృహం నడిపే తల్లి, ఆమె కొడుకు చుట్టూ తిరుగుతుంది. వచ్చిపోయే పర్యాటకుల కథ అది. అమెరికన్ సైనికుడైన తండ్రి వదిలివెళ్లిన కొడుకే అక్కడ కథకుడు. ‘డోంట్ లెట్ మీ డై ఇన్ దిస్ ప్లేస్’ కథ అందుకు భిన్నమైనది. పక్షవాతం సోకిన అమెరికన్ వృద్ధుడు బ్యాంకాక్‌లో కొడుకు ఇంటికి వస్తాడు. థాయ్ కోడలు అతనికి సేవచేస్తుంది. మనవలతో మాట్లాడడానికి భాష లేదు. కోపం, సిగ్గు, వెటకారం కలిసిన అతని స్వరంలోంచి ఒక నిస్సహాయుడు బయటపడతాడు. జాతరలో బొమ్మకార్లు ఢీకొట్టుకునే చివరిఘట్టంలో ఆ శరీరానికి కొంత స్వేచ్ఛ దొరుకుతుంది.

థాయ్ మూలాలున్న రచయిత అమెరికన్ వృద్ధుని గొంతులోంచి రాయడం ఇక్కడ ముఖ్యం. నివాసికథనం చేయనిది ఈ కథ చేసింది. ఎదుటివాడి స్థానంలో నిలబడి చూసింది. నదీతీర పట్టణంలోని పింఛనుదారు ఎదుర్కొనే ప్రశ్న కూడా చివరకు ఇదే. చేయి పట్టి లేపేది ఎవరు? స్వదేశంలో దొరకని సంరక్షణ ఇక్కడ భార్య, మరదలు, పొరుగువారి చేతుల్లో ఉంది. అతని డబ్బు అయిపోయినా ఆ చేతులు ఉంటాయా అన్న భయం అతనిది. అతని తరువాత ఆ ఇల్లు నడుస్తుందా అన్న భయం ఆమెది. ఈ రెండు భయాలనూ సమానంగా వినిపించిన రచన అరుదు.

8. తెలుగు విమర్శకు సంబంధించిన ప్రశ్న:

తెలుగులో అమెరికా నేపథ్యపు కథలను ‘డయాస్పోరా సాహిత్యం’గా, గల్ఫ్ కథలను ‘వలససాహిత్యం’గా విడదీసే ధోరణి ఉంది. మొదటిదాన్ని చర్చించేటప్పుడు అస్తిత్వం, జ్ఞాపకం, సంస్కృతి వంటి పదాలు వాడతాం. రెండోదానికి అప్పు, దళారి, శవపేటిక అన్న పదాలు చాలునని భావిస్తాం. గల్ఫ్ కూలీకి జ్ఞాపకం లేదా? అమెరికా ఉద్యోగికి వీసాగడువు, ఇంటిఅప్పు లేవా? నాంగ్‌ఖాయ్‌లో ‘ఎక్స్‌పాట్’, ‘వలసకూలీ’ అన్న విభజన ఏ ప్రాతిపదికన జరిగిందో, తెలుగులోని ఈ విభజన కూడా అదే ప్రాతిపదికన జరిగింది. ఆదాయాన్ని బట్టి సాహిత్యవర్గాన్ని నిర్ణయించడం విమర్శ పని కాదు.

9. ముగింపు:

1. ‘ఎక్స్‌పాట్’ అన్నది నివాసస్థితిని తెలిపే తటస్థపదం కాదు. పాస్‌పోర్టు, వర్ణం, ఆదాయం కలిసి నిర్ణయించిన పదం. విమర్శలో దానిని వివరణ లేకుండా స్వీకరించరాదు.

2. విదేశీ నివాసుల కథనాల్లోని నిశ్చలమైన నది, వారి చట్టపరమైన అస్థిరతకు మారుగా నిలిచిన కల్పన.

3. అపిచాత్‌పోంగ్ చిత్రాలు, లాపానున్ పరిశోధన విదేశీయుణ్ని ఇంటివ్యవస్థలో ఉంచి చూపాయి. ఇల్లరికం అన్న తెలుగు భావన ఆ స్థితిని వివరించడానికి దిగుమతి సిద్ధాంతాలకంటె దగ్గరగా ఉంది.

4. ప్రవాస, వలస రచనలను భూమిహక్కు, నివాసానుమతి, బంధుత్వం, తిరిగివెళ్లే అవకాశం అన్న నాలుగు ప్రమాణాలతో కలిపి చదివితే తెలుగులోని కృత్రిమవిభజన తొలగుతుంది. గల్ఫ్ కథను, అమెరికా కథను ఒకే బల్లమీద పెట్టి చదివే పరిశోధనలు ఇకపై ఈ దిశగా సాగవలసివుంది.